పడిశం పది రోగాల పెట్టు: శ్వాసకోశ వైరస్ వ్యాధులు, నాడీమండలం

పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలు ఊరక అనలేదు. ముక్కు కారడం, గొంతు గరగర, రెండు మూడు రోజుల జ్వరం, ఒళ్లు నొప్పులు: ఇంతటితో పోయే వ్యాధిగానే దానిని మనం లెక్కిస్తాము. చాలా సందర్భాలలో అది నిజమే. అయితే ముక్కులో మొదలైన వ్యాధి ఊపిరితిత్తులతో ఆగక మెదడునూ నరాలనూ కూడా తాకగలదన్న సంగతిని కోవిడ్ వ్యాధి ఇంటింటికీ తెలియజేసింది.

తెలంగాణలో తొలి కోవిడ్ రోగిని 2020 మార్చి 2న గుర్తించారు. చికిత్స జరిగింది సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో. 1851లో చిన్న వైద్యశాలగా మొదలైన ఆ ఆసుపత్రి 2020లో కోవిడ్ రోగులకే ప్రత్యేకించిన కేంద్రమయింది. దగ్గు, ఆయాసాలతో వచ్చే వ్యాధిగా మొదట పేరుపడిన కోవిడ్‌కు వాసన, రుచి తెలియకపోవడం కూడా ఒక లక్షణమని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 జూన్‌లో చేర్చింది. ఆ చేర్పుతో శ్వాసకోశ వ్యాధి జాబితాలోకి ఒక నాడీ సంబంధమైన లక్షణం వచ్చి చేరింది.

కోవిడ్ అత్యయిక పరిస్థితి ముగిసినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. కానీ ఆ వైరస్ పోలేదు. ఏటేటా వచ్చే ఫ్లూ జ్వరాలూ పోలేదు. 2009లో స్వైన్ ఫ్లూ వ్యాపించినపుడు భారతదేశంలో నిర్ధారణ అయిన మొదటి రోగి హైదరాబాదులోనే ఉన్నాడు. కనుక ఈ పాఠం గడచిన కాలానికి మాత్రమే చెందినది కాదు. పడిశంతో కూడిన జ్వరం వచ్చినపుడు నాడీమండలానికి సంబంధించిన ఏ లక్షణానికి ఇంటి వైద్యం చాలును, ఏ లక్షణం కనబడిన క్షణాన కషాయం గిన్నె పక్కన పెట్టి ఆసుపత్రికి బయలుదేరాలి? ఈ వివేకమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

ప్రాచీనులు ఏమి చెప్పారు?

ఆయుర్వేదం ముక్కును కేవలం శ్వాసమార్గంగా చూడలేదు. అది శిరస్సుకు ద్వారమని వాగ్భటుడు నస్యకర్మ సందర్భంలో చెప్పాడు. ఆయన మతంలో ప్రాణవాయువుకు స్థానం శిరస్సు. ఉరస్సులోనూ కంఠంలోనూ అది సంచరిస్తుంది. తుమ్ము, ఉచ్ఛ్వాసం, ఆహారం మింగడం ఆ వాయువు పనులే. బుద్ధిని, మనస్సును, ఇంద్రియాలను నిలిపి ఉంచడం కూడా దాని పనే. తుమ్మునూ బుద్ధినీ ఒకే వాయువు అధీనంలో ఉంచిన ఆ దృష్టి గమనించదగినది.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో ప్రతిశ్యాయానికి, అనగా పడిశానికి, ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. పడిశాన్ని ఉపేక్షిస్తే ముదిరి వినికిడికి, చూపుకు, ఘ్రాణశక్తికి హాని కలుగవచ్చునని అందులో హెచ్చరిక ఉన్నది. చరకుడు సన్నిపాత జ్వర లక్షణాలను చెబుతూ తంద్ర, మోహం, ప్రలాపాలను పేర్కొన్నాడు. తంద్ర అంటే మగత, మోహం అంటే తెలివి తప్పడం, ప్రలాపం అంటే సంబంధం లేని మాటలు. ఈ స్థితిని ఆయన తేలికగా తీసుకోలేదు. దానిని కష్టసాధ్య, అసాధ్య వ్యాధుల కోవలో ఉంచాడు.

ప్రాచీనులకు వైరస్‌లు తెలియవు. వారి మాటలలో నేటి పరిశోధనలను వెదకడం సరికాదు. అయితే జ్వరంలో తెలివి చెదరడం ప్రమాద సూచన అని వారు స్పష్టంగా ఎరిగి ఉన్నారు. ఆ ఎరుక మనకు నేటికీ అవసరం.

మెదడుకు హాని ఏ దారిన కలుగుతుంది?

ముక్కు పైభాగంలో, కనుబొమల నడుమ ప్రాంతానికి దిగువగా, వాసనను గ్రహించే పలుచని పొర ఉన్నది. అందులోని నాడీకణాల సన్నని పోగులు జల్లెడ వంటి ఎముక రంధ్రాల గుండా పైకి పోయి మెదడును చేరుతాయి. శరీరంలో బయటి గాలికీ మెదడుకూ ఇంత దగ్గరి సంబంధం మరెక్కడా లేదు.

కోవిడ్ వైరస్ ఆ దారినే నేరుగా మెదడులో ప్రవేశిస్తుందని మొదట చాలామంది భయపడ్డారు. కాని 2020లో హార్వర్డ్ వైద్య కళాశాల పరిశోధకులు వేరొక సంగతి చూపారు. వైరస్ పట్టుకునే గ్రాహకాలు ఉన్నది వాసన నాడీకణాలపై కాదు, వాటి చుట్టూ ఉండి పోషించే సహాయక కణాలపైన. దీపానికి వత్తి చెడలేదు, నూనె అందలేదు అన్నమాట. సహాయక కణాలు తిరిగి పుట్టగలవు. అందుచేతనే వాసన పోయిన వారిలో అధికసంఖ్యాకులకు కొన్ని వారాలలో అది తిరిగి వచ్చింది.

రెండవ దారి ప్రాణవాయువు కొరత. మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. ఊపిరితిత్తులు దెబ్బతిని రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ముందుగా తడబడేది మెదడు. మూడవ దారి రక్తం గడ్డకట్టడం. తీవ్రమైన వ్యాధిలో రక్తనాళాల లోపలి పొర వాచి, గడ్డలు ఏర్పడి, మెదడుకు పోయే రక్తం ఆగిపోవచ్చు. అదే పక్షవాతం. నాల్గవది మన రోగనిరోధక శక్తి దారి తప్పడం. వైరస్‌ను ఎదుర్కొనడానికి పుట్టిన శక్తి కొందరిలో తన నరాలనే శత్రువుగా భావించి వాటి పైపొరను దెబ్బతీస్తుంది.

ఈ నాలుగు దారులూ వేరు. కనుక వాటికి చేయవలసినదీ వేరు.

వాసన పోయినపుడు

పడిశంలో ముక్కు దిబ్బడ వలన వాసన తెలియకపోవడం అందరికీ అనుభవమే. ముక్కు శుభ్రంగా ఉండి కూడా పోపు ఘుమఘుమ, అగరువత్తి పరిమళం తెలియకపోతే అది వాసన పొర దెబ్బతిన్నదనడానికి గుర్తు. ఇందుకు భయపడవలసిన పని లేదు. ఓపిక, సాధన కావాలి.

జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో హుమ్మెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 2009లో ఒక సులభమైన సాధనను ప్రకటించారు. వారు ఎన్నుకున్న నాలుగు వాసనలు గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగం. ఇవి మన మోండా మార్కెట్‌లో ఒక గంటలో సమకూర్చుకోదగినవే. విధానం ఇది.

గులాబీ రేకులు లేక పన్నీరు, రెండు చుక్కల నీలగిరి తైలం అద్దిన దూది, నిమ్మ తొక్క, నలిపిన లవంగాలు: వీటిని నాలుగు చిన్న సీసాలలో వేరువేరుగా ఉంచుకోవాలి. ఉదయం పరగడుపున, రాత్రి నిద్రకు ముందు ఒక్కొక్క సీసాను ముక్కు దగ్గర సుమారు 10 సెకన్లు ఉంచి మెల్లగా వాసన చూడాలి. గట్టిగా పీల్చరాదు. ఆ వాసన పూర్వం ఎలా ఉండేదో మనసులో తలచుకోవాలి. ఇలా 12 వారాలు విడువక చేయాలి. వారం రోజులలో ఫలితం కనబడలేదని మానరాదు. సీసాలలోని పదార్థాలను అప్పుడప్పుడు మార్చుకోవాలి.

కొందరికి వాసన తిరిగి వచ్చే దశలో వికారమైన వాసనలు తోస్తాయి. కాఫీ మాడినట్లు, ఉల్లిపాయ కుళ్లినట్లు అనిపిస్తుంది. నరాలు తిరిగి పొందికపడే దశలో ఇది తరచుగా కనబడేదే. అటువంటి వారికి వేడి తగ్గిన భోజనం, పెరుగన్నం, పండ్లు హితవుగా ఉంటాయి.

వాసన తెలియని వారికి వంటింట్లో రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. గ్యాస్ కారినా తెలియదు, కూర పాచిపోయినా తెలియదు. రాత్రి పడుకొనే ముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టివేయడం, మిగిలిన పదార్థాలను ఇంకొకరి చేత పరీక్షింపజేయడం అలవాటు చేసుకోవాలి. మూడు నెలలు దాటినా మార్పు లేకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాలి.

నస్యం ఎప్పుడు మంచిది?

ఆరోగ్యవంతులు ఉదయం, సాయంత్రం నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని నెయ్యి గాని ముక్కు రంధ్రాలలో రాసుకొనడాన్ని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020లో సూచించింది. దీనినే ప్రతిమర్శ నస్యం అంటారు. ఇది స్వస్థులకు చెప్పిన దినచర్య. కొత్తగా పట్టిన పడిశంలో నస్యం కూడదని వాగ్భటుడే నిషేధించాడు. ముక్కు దిబ్బడ వేసి ఉన్నపుడు, జ్వరం ఉన్నపుడు నూనె పోసుకొనరాదు. పసిపిల్లలకు, మింగడంలో ఇబ్బంది ఉన్న వృద్ధులకు ముక్కులో నూనె ఎన్నడూ పోయరాదు. నూనె ఊపిరితిత్తులలోకి జారితే న్యుమోనియా రాగలదు.

మతి తప్పి మాట్లాడినపుడు

అన్నిటికంటె ముఖ్యమైన భాగం ఇదే. ఇంటిలో పెద్దవారికి రెండు మూడు రోజులుగా జ్వరం, దగ్గు ఉన్నాయి. ఒకనాటి సాయంత్రం ఆయన పగలా రాత్రా తెలియక అడుగుతాడు, కొడుకును అన్నయ్య పేరుతో పిలుస్తాడు, పిలిస్తే కళ్లు తెరచి మళ్లీ మగతలో పడతాడు. ఇంట్లోవారు జ్వరం తలకెక్కింది, నిద్రపోతే తగ్గుతుంది అనుకుంటారు. తడిగుడ్డ వేసి, శొంఠి కషాయం తాగించి పడుకోబెడతారు. ఆ రాత్రి నిద్ర ప్రాణాంతకం కావచ్చు.

వృద్ధులలో ఆక్సిజన్ తగ్గినపుడు ఆయాసం కనబడకపోవచ్చు. జ్వరం కూడా ఎక్కువగా ఉండకపోవచ్చు. తికమక ఒక్కటే తొలి లక్షణం కావచ్చు. రక్తంలో చక్కెర పడిపోయినా, సోడియం తగ్గినా, మెదడువాపు వచ్చినా ఇదే విధంగా ఉంటుంది. ఏది కారణమో ఇంటి వద్ద తేల్చుకొనడం అసాధ్యం. పల్స్ ఆక్సీమీటర్ ఉంటే వేలికి పెట్టి చూడవచ్చు. 94 కంటె తక్కువ చూపితే ఆలస్యం కూడదు. 94 కంటె ఎక్కువ చూపినా తికమక ఉంటే ఆసుపత్రికి పోవలసినదే. మగతలో ఉన్నవారి నోట కషాయం గాని, తేనె గాని, నీరు గాని పోయరాదు. అది శ్వాసనాళంలోకి పోతుంది.

మూతి వంకర, కాళ్లలో నీరసం

జ్వర సమయంలో గాని తరువాత గాని అకస్మాత్తుగా మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాత లక్షణాలు. గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోగా ఇవ్వవలసి ఉంటుంది. తైలమర్దనానికి తరువాత సమయం ఉన్నది. మొదటి గంటలు ఆసుపత్రివి. లక్షణం మొదలైన వేళను కాగితంపై రాసి వైద్యునికి చెప్పాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవను పిలవడానికి సంకోచించరాదు.

రెండవ వ్యాధి నెమ్మదిగా వస్తుంది. పడిశం తగ్గి ఒకటి నుంచి నాలుగు వారాలలో పాదాలలో తిమ్మిరి, తరువాత మెట్లెక్కలేకపోవడం, పీట మీద నుంచి లేవలేకపోవడం, ఆ బలహీనత పైపైకి పాకడం. దీనిని గిలియన్ బరే వ్యాధి అంటారు. ఇది అరుదు. వాతం కమ్మిందని ఇంట్లోనే నూనె పట్టిస్తూ నాలుగు రోజులు గడిపితే బలహీనత ఊపిరి కండరాలకు చేరవచ్చు. సకాలంలో ఇమ్యునోగ్లోబులిన్ చికిత్స గాని ప్లాస్మా మార్పిడి గాని జరిగితే చాలామంది కోలుకుంటారు. కోలుకునే దశలో వైద్యుని అనుమతితో తేలికపాటి అభ్యంగనం, వ్యాయామం మేలు చేస్తాయి.

మధుమేహం ఉన్నవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. 2021 వేసవిలో నల్ల ఫంగస్ వ్యాపించినపుడు హైదరాబాదు కోఠిలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి చికిత్సా కేంద్రమయింది. చక్కెర అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి అది ముక్కులో మొదలై కంటికి, మెదడుకు పాకింది. ముఖంలో ఒక పక్క నొప్పి, నల్లని చీమిడి, కన్ను వాపు కనబడితే ఆ రోజే వైద్యుని చూడాలి. స్టెరాయిడ్ మాత్రలను పాత చీటీ చూసి కొనుక్కొని వాడరాదు.

పిల్లల విషయంలో

ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసు పిల్లలలో కొందరికి జ్వర తీవ్రతలో మూర్ఛ వస్తుంది. తల్లిదండ్రులు తల్లడిల్లుతారు. సాధారణంగా అది కొద్ది నిమిషాలలో ఆగిపోతుంది. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వలన ప్రయోజనం లేదు, చెంచా వలన గాయం అవుతుంది. మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, మళ్లీ వచ్చినా, తరువాత బిడ్డ తెలివిలోకి రాకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మొదటిసారి వచ్చిన మూర్ఛ ఆగిపోయినా ఆనాడే వైద్యునికి చూపాలి.

వైరస్ జ్వరం ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. ఫ్లూ గాని ఆటలమ్మ గాని సోకిన పిల్లలలో మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే ఒక అరుదైన వ్యాధిని ఆస్ట్రేలియా వైద్యుడు రేయ్ 1963లో వర్ణించాడు. ఆస్పిరిన్‌తో దానికి గల సంబంధం తెలిసి హెచ్చరికలు చేసిన పిమ్మట అమెరికాలో ఆ వ్యాధి బాగా తగ్గిపోయింది. పెద్దల తలనొప్పి మాత్రను సగం విరిచి బిడ్డకు వేసే అలవాటు ఇందుకే మానాలి.

ఇంటి వైద్యమే మెదడుకు హాని చేసే సందర్భం కూడా ఒకటి ఉన్నది. కర్పూరం, నీలగిరి తైలం కడుపులోకి పోతే పిల్లలకు మూర్ఛలు వస్తాయి. పూజకు వాడే కర్పూరం బిళ్లలు పిల్లల చేతికి అందకూడదు. పసిబిడ్డల ముక్కుకు, రొమ్ముకు కర్పూర తైలం పట్టించరాదు. మరిగే నీటి గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టడం వలన కాలిన గాయాలు అవుతాయి. గది గాలి తేమగా ఉంచి, గోరువెచ్చని నీరు తాగిస్తే చాలు.

జ్వరం పోయినా తేరుకోని మనసు

జ్వరం తగ్గి నెలలు గడిచినా కొందరికి మాట మధ్యలో పదం తోచదు, లెక్క తప్పుతుంది, కొద్ది పనికే అలసట. బయటికి ఆరోగ్యంగా కనబడే మనిషిని ఇంట్లోవారు బద్ధకస్తుడని తప్పు పడతారు. అది అన్యాయం. కోవిడ్ సోకిన మూడు నెలలకు ఉండి, కనీసం రెండు నెలలు సాగే ఇటువంటి లక్షణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఒక వ్యాధిస్థితిగా నిర్వచించింది. బ్రిటన్‌లో 785 మందికి రెండుసార్లు మెదడు స్కానింగ్ చేసి 2022లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 401 మందికి రెండు స్కానింగుల మధ్య కోవిడ్ సోకింది. వాసనకు సంబంధించిన మెదడు భాగాలలో వారికి సగటున స్వల్పమైన క్షీణత కనబడింది. వారిలో ఎక్కువమందికి వచ్చింది తేలికపాటి వ్యాధే. ఇది సగటు లెక్క. ప్రతి ఒక్కరికీ మెదడు చెడుతుందని దీని అర్థం కాదు. ఈ అలసట కల్పితం కాదని మాత్రం దీనివలన తెలుస్తుంది.

ముందుగా రక్తహీనత, థైరాయిడ్, చక్కెర, విటమిన్ బి12 పరీక్షలు చేయించాలి. శాకాహారులలో బి12 లోపం తరచుగా ఉంటుంది. దాని లక్షణాలు కూడా ఇవే. ఆపైన విశ్రాంతి, పని రెండింటినీ పాళ్లు వేసుకోవాలి. ఓపిక ఉన్ననాడు నాలుగు రోజుల పని చేసి మరునాడు మంచం పట్టడం కంటె, రోజూ కొంత పని, కొంత విరామం మేలు. వేళకు నిద్ర, ఉదయపు ఎండ, మెల్లని నడక, నెమ్మదిగా చేసే ప్రాణాయామం అనుకూలం.

ఆహారంలో పెసరకట్టు, మునగాకు, ఉసిరి, పాలు, అలవాటున్నవారికి గుడ్డు బలం చేకూరుస్తాయి. సరస్వతి ఆకు పచ్చడిగా తినవచ్చు. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, కిస్‌మిస్‌లతో చేసే ఆయుష్ కషాయం రోజుకు ఒకటి రెండుసార్లు, 150 మిల్లీలీటర్ల పాలలో అర చెంచా పసుపు గొంతుకు హాయినిస్తాయి. ఇవి వైరస్‌ను మెదడు నుంచి తొలగిస్తాయనడానికి రుజువు లేదు. పెన్నేరు వాడేవారు థైరాయిడ్ మందులు తీసుకుంటుంటే వైద్యునికి చెప్పాలి. రక్తపోటు ఉన్నవారు అతిమధురాన్ని దీర్ఘకాలం వాడరాదు.

గుర్తుంచుకోవలసినవి

వాసన పోవడం, అలసట, మతిమరుపు: ఇవి ఓపికతో ఇంటివద్ద సాధన చేస్తూ, తీరికగా వైద్యుని సంప్రదించదగినవి. తికమక, మగత, మూర్ఛ, మూతి వంకర, పాకే నీరసం, తీవ్రమైన తలనొప్పితో మెడ పట్టడం: ఇవి కనబడితే గడియారం చూసి బయలుదేరవలసినవి. ఈ ఆరు మాటలను కాగితంపై రాసి, 108 సంఖ్యతో సహా మందుల అలమర తలుపుకు అంటించండి. వృద్ధులకు ఏటా ఫ్లూ టీకా, వైద్యుడు చెప్పిన ఇతర టీకాలు వేయించండి. పడిశానికి శొంఠి ఉన్నది. పడిశం తలకెక్కితే మాత్రం వైద్యశాల ఉన్నది. రెండింటి హద్దు ఎరిగిన ఇల్లే సుఖంగా ఉంటుంది.